ఓడ మెట్లు దిగగలిగే ఐసొలేషన్ పాడ్: కొలతల నుంచి లైసెన్సు దాకా

మా షెడ్డు శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల దగ్గర, హైవే పక్కనే. అంటుజబ్బు ఉన్న రోగిని ఓడలోంచి మోసుకొచ్చే, గాలి చొరబడని పారదర్శక సంచే ఐసొలేషన్ పాడ్. ఓ ఏప్రిల్ మధ్యాహ్నం, మేం తయారుచేసిన మొదటి పాడ్‌లో మా మేనల్లుడిని పడుకోబెట్టి జిప్పు వేశాం. బ్లోయర్ తిరుగుతోంది, ప్రెజర్ గేజి ముల్లు లేచింది, అందరం ఫోన్లు తీసి ఫొటోల్లో పడ్డాం. ఈలోగా బ్యాటరీ దగ్గర ఒక వైరు ఊడింది. పక్కన గ్రైండర్ చప్పుడు. ఫ్యాను ఆగిన సంగతి ఎవరికీ తెలియలేదు. వాడు లోపల్నుంచి షీటు మీద కొడుతుంటే ఆటలాడుతున్నాడనుకున్నాం. జిప్పు తీసేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. "ఏటి మావా, రోగం కంటే ముందు మీ పెట్టే చంపేసేలా ఉందే!" అన్నాడు.

ఆ మాట దగ్గర్నుంచి డిజైన్ మళ్లీ మొదలుపెట్టాం. ఈ పనిలోకి దిగే ప్రతివాడూ క్రిమి బయటికి రాకూడదని మొదలుపెడతాడు. అది అవసరమే. కానీ గాలి ఆగిపోతే లోపలి మనిషి ఏమవుతాడు అన్న ప్రశ్నకు ముందు జవాబు రాసుకుని, ఆ తర్వాతే చట్రం కోయండి. నేను పదకొండేళ్లు సరుకు ఓడల్లో ఫిట్టర్‌గా చేశాను. నడిసముద్రంలో కరెంటు పోవడం, వైరు ఊడడం, ఉప్పుకి స్విచ్చు పట్టేయడం అక్కడ రోజూ ఉండేవే.

ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

గాలి ద్వారా పాకే జబ్బులకే పాడ్ కావాలి: టీబీ, తట్టు, ఆటలమ్మ, కోవిడ్ లాంటివి. వాంతులు, విరేచనాలతో వచ్చే కలరా, నోరోవైరస్‌లకు ఇది దండగ. అక్కడ కావాల్సింది విడి బాత్రూమ్, బకెట్, బ్లీచింగ్ పౌడరు, చేతులు కడిగే అలవాటు. వాంతులు చేసుకుంటున్నవాడిని గాలి చొరబడని సంచిలో వెల్లకిలా పడుకోబెడితే మనమే ప్రమాదం తెచ్చిపెట్టినట్టు.

ఓడలో జబ్బు ఎలా పాకుతుందో 2020 ఫిబ్రవరిలో యోకొహామా రేవులో ఆగిన డైమండ్ ప్రిన్సెస్ చూపించింది. 3,711 మంది ఉన్న ఓడలో 700 మందికి పైగా కోవిడ్ సోకింది. ఆ ఏడే మన మత్స్యకారుల సంగతి కూడా గుర్తుంది కదా. లాక్‌డౌన్ పడ్డాక శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి వెళ్లిన వేలమంది గుజరాత్‌లోని వెరావల్ రేవులో చిక్కుకుపోయారు. వాళ్లలో చాలామంది బోట్లలోనే వంట, బోట్లలోనే పడక. ఒక బోటులో ఏడెనిమిది మంది ఒకే గూటిలో పడుకుంటారు. అలాంటి చోట ఒకడికి జ్వరమొస్తే విడిగా పెట్టే జాగా ఏది?

చేపల బోటుకి పాడ్ అమ్మాలని చూడకండి. అక్కడ తండేలుకి, అంటే బోటు పెద్దకి, చెప్పాల్సింది ఒక్కటే: రోగిని గూట్లోంచి తీసి, గాలి ఎటు పోతోందో చూసి ఆ వైపు చివర, డెక్ మీద టార్పాలిన్ నీడలో పడుకోబెట్టండి, ముక్కుకి మాస్కు కట్టండి. తెరిచిన డెక్‌ని మించిన ఐసొలేషన్ వార్డు లేదు. పాడ్ అవసరం పడేది సరుకు ఓడలకి, ట్యాంకర్లకి, ప్రయాణికుల ఓడలకి. ఎందుకంటే అక్కడ మనుషులు ఉండేది మూసిన గదుల్లో, ఒకే ఏసీ గొట్టం కింద.

ఇంకో సంగతి. అంతర్జాతీయ ప్రయాణంలో మూడు రోజులకు మించి వెళ్లే, వంద మందికి తక్కువ కాకుండా ఉన్న ఓడలోనే డాక్టరు తప్పనిసరి. సరుకు ఓడలో ఉండేది ఇరవై, పాతిక మంది. అక్కడ మందుల పెట్టె తాళం చాలావరకు సెకండ్ ఆఫీసర్ దగ్గర ఉంటుంది. మీ పాడ్ వాడేది నర్సు కాదు, రాత్రి కాపలా డ్యూటీ చేసి నిద్రకళ్లతో వచ్చిన ఆఫీసరు. ప్రతి బొత్తం, ప్రతి బకిల్ అతణ్ణి దృష్టిలో పెట్టుకుని పెట్టాలి.

పాడ్ గంటల పని, గది రోజుల పని

చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. రేవు ఇంకా ఐదు రోజుల దూరం ఉంటే ఐదు రోజులూ మనిషిని సంచిలో ఉంచలేం. పాడ్ ఉన్నది క్యాబిన్ నుంచి డెక్ దాకా, డెక్ నుంచి అంబులెన్సు దాకా తీసుకెళ్లడానికి. మహా అయితే నాలుగు గంటలు. మిగతా రోజులకి అతని క్యాబిన్‌నే నెగటివ్ ప్రెజర్ గదిగా, అంటే బయటికంటే లోపల గాలి ఒత్తిడి తక్కువ ఉండే గదిగా మార్చాలి. కాబట్టి మీరు తయారుచేయాల్సినవి రెండు పెట్టెలు: మడత పాడ్ ఒకటి, క్యాబిన్‌లో పెట్టే హెపా (అతి సన్నటి రేణువుల్ని ఆపే ఫిల్టరు) యంత్రం ఒకటి. బ్లోయర్, ఫిల్టరు, బ్యాటరీ కనెక్టరు రెంటికీ ఒకే రకం పెడితే స్పేర్లు కలిసొస్తాయి.

మొదటి అడుగు: వెదురు చట్రం

అల్యూమినియం కొనకముందు వెదురు కొనండి. మేం వెదురు బద్దలతో పాడ్ సైజు చట్రం కట్టి, షెడ్డులో ప్లైవుడ్ గోడలు నిలబెట్టి 90 సెంటీమీటర్ల సందు, దానికో మూల మలుపు తయారుచేశాం. 2 మీటర్ల పొడవు, 65 సెంటీమీటర్ల వెడల్పు చట్రాన్ని నలుగురం పట్టుకుని మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇరుక్కుపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. తర్వాత కాగితం మీద లెక్క వేస్తే తేలింది: 90 సెంటీమీటర్ల సందులు రెండు కలిసే మూలలో 65 వెడల్పు పెట్టె 1.25 మీటర్ల పొడవు దాటితే చదునుగా తిరగదు. అదే సందు 1.2 మీటర్లు ఉంటే 2 మీటర్ల పెట్టె అతికష్టం మీద తిరుగుతుంది.

లెక్క చాలా తేలిక. సందు వెడల్పుని 1.414తో గుణించండి, అందులోంచి పెట్టె వెడల్పు తీసేయండి, వచ్చినదాన్ని రెట్టింపు చేయండి. అదే మీ పెట్టె ఉండగలిగే గరిష్ఠ పొడవు. ఈ లెక్క వేయకుండా తయారైన పాడ్‌లు ఆసుపత్రి వరండాలో రాజాలా తిరుగుతాయి, ఓడ ఎక్కితే సామాన్ల గదికే.

అందుకే మా రెండో మోడల్ పడుకునేది కాదు, సగం కూర్చునేది. అడుగు బల్లకి నడుము దగ్గర, మోకాళ్ల దగ్గర కీలు పెట్టాం. వీపు 60 డిగ్రీలు లేపి, మోకాళ్లు మడిస్తే పొడవు 1.4 మీటర్లకి వస్తుంది. వెడల్పు 55కి తగ్గించాం. ఇప్పుడు అదే మూలలో తిరుగుతుంది. ఆయాసపడే రోగికి కూడా వెల్లకిలా కంటే ఇలా కూర్చోవడమే హాయి. కీళ్లకి ఉన్న పిన్ను ఒక్క లాగుతో ఊడి, బల్ల చదునుగా పడేలా చూడండి. గుండె ఆగితే ఛాతీ నొక్కడానికి గట్టి చదును బల్ల కావాలి, అది పాడ్ తెరిచే చేయాలి.

డెక్ మీదికి వెళ్లే తలుపులకి గడప ఎత్తు చూసుకోండి. వాతావరణానికి తెరుచుకునే తలుపుల దగ్గర 60 సెంటీమీటర్ల గడప కూడా ఉంటుంది. అంటే చక్రాలున్న ట్రాలీ కల మర్చిపోండి. పట్టుకునే హ్యాండిళ్లు ఆరు, భుజాలకి వేసుకునే పట్టాలు నాలుగు. మొత్తం బరువు 30 కిలోల లోపు ఉంచండి. 70 కిలోల మనిషితో కలిపి వంద, నలుగురు మోస్తే తలా పాతిక. 2020లో కొచ్చిలోని ఐఎన్‌ఎస్ గరుడలో నేవీ వాళ్లు హెలికాప్టర్ల కోసం తయారుచేసిన ఎయిర్ ఎవాక్యుయేషన్ పాడ్ 32 కిలోలు తూగింది. అల్యూమినియం, నైట్రైల్ రబ్బరు, పర్‌స్పెక్స్‌తో చేశారు. అయిన ఖర్చు 50 వేల రూపాయలు. దిగుమతి చేసుకునేవి లక్షల్లో ఉంటాయి. మన దగ్గర కాని పని కాదని చెప్పడానికి ఇది చాలు.

క్రేనుతో దించాల్సి వస్తే పాడ్ చట్రానికి హుక్కు తగిలించొద్దు. ఓడలో ఎత్తడానికి సర్టిఫికెట్ ఉన్న బాస్కెట్ స్ట్రెచర్ ఉంటే పాడ్‌ని అందులో పెట్టి కట్టాలి. మీ చట్రం ఎంత గట్టిదైనా సర్టిఫికెట్ లేని ఎత్తుడు సామాను ఓడలో ఇనప ముక్కతో సమానం.

రెండో అడుగు: గాలి లెక్క

ఇక్కడ తొందరపడకండి. మా మొదటి పెట్టె లోపల 2 మీటర్లు, 65, 60. గుణిస్తే 780 లీటర్లు. అందులో మనిషి 70 లీటర్లు ఆక్రమిస్తే మిగిలే గాలి 700 చిల్లర. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి దాదాపు పావు లీటరు కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. బ్లోయర్ ఆగితే 28 నిమిషాల్లో అది 1 శాతానికి, గంటా పాతిక నిమిషాలకి 3 శాతానికి చేరుతుంది. 3 శాతం దగ్గర తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. జ్వరంతో రొప్పుతున్నవాడికి ఇంకా ముందే. సగం కూర్చునే మోడల్‌లో గాలి ఇంకాస్త తక్కువే.

అయితే మా మేనల్లుడు గంటా పాతిక నిమిషాలు ఉండలేదు, పావుగంట కూడా ఉండలేదు. వాణ్ణి కుదేలు చేసింది ఊపిరి కాదు, వేడి. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆసుపత్రి ఐసొలేషన్ గదులకి గంటకు 12 సార్లు గాలి మారాలన్న నియమం ఉంది. దాన్నే పాడ్‌కి పెడితే గంటకు 9.4 ఘనపు మీటర్లు. మనిషి ఒంట్లోంచి వచ్చే వేడిని 70 వాట్లు అనుకుంటే, అంత కొద్ది గాలే ఆ వేడినంతా మోసుకెళ్లాలంటే 22 డిగ్రీలు వేడెక్కాలి. షీటు గోడల్లోంచి కొంత పోతుంది, చెమట కొంత తీసుకెళ్తుంది, నిజమే. కానీ బయటే 38 ఉన్న మే నెలలో, డెక్ మీద ఎండలో?

కాబట్టి పాడ్‌కి 12 సార్లు అన్న అంకెని పక్కన పెట్టి, గంటకు 36 ఘనపు మీటర్లు, అంటే సెకనుకి 10 లీటర్లు పెట్టుకోండి. అప్పుడు గాలి వేడెక్కేది 6 డిగ్రీలే. క్రిమి లెక్కకు ఇది కావాల్సినదానికంటే ఎక్కువ, మనిషి లెక్కకు సరిపోయేంత. పైన తెల్లటి గుడ్డ కప్పు ఒకటి వేయండి, ఎండ తగలకుండా. మీద బట్ట ఉందని మాత్రం గాలి వచ్చే ఫిల్టర్ని మూయకండి.

ఇప్పుడు ప్రెజర్. గదుల్లో ఒత్తిడి బయటికంటే కనీసం 2.5 పాస్కల్స్ (ఒత్తిడి కొలత) తక్కువ ఉండాలంటారు. కదిలే పాడ్‌కి అది చాలదు. మోసేటప్పుడు షీటు లోపలికీ బయటికీ కొట్టుకుంటుంది, ఒక్క కుదుపుకే లోపలి ప్రెజర్ తారుమారవుతుంది. మేం 15 నుంచి 30 పాస్కల్స్ తక్కువ పెట్టుకున్నాం.

ఆ ప్రెజర్ని పుట్టించేది గాలి లోపలికి వచ్చే దగ్గరున్న ఫిల్టరే. 305 మిల్లీమీటర్ల చదరపు హెపా ప్యానెల్ గుండా మనం చెప్పుకున్న గాలి వెళ్తే సుమారు 30 పాస్కల్స్ అడ్డు వస్తుంది, అదే మీ నెగటివ్ ప్రెజర్. ఇక్కడే ఓ మోసం ఉంది. లోపలికి వచ్చే ఫిల్టరు దుమ్ముతోనో ఉప్పు తేమతోనో మూసుకుపోయిందనుకోండి. గాలి తగ్గిపోతుంది, కానీ గేజి ముల్లు ఇంకా పైకి లేస్తుంది. బయట ఉన్నవాడు "ఆహా, ప్రెజర్ బ్రహ్మాండంగా ఉంది" అనుకుంటాడు, లోపలివాడు ఉక్కిరిబిక్కిరవుతుంటాడు. అందుకే ప్రెజర్ గేజి ఒక్కటే చాలదు. గాలి బయటికి పోయే గొట్టం నోటికి పల్చటి రిబ్బను ముక్క కట్టండి. అది ఎగురుతోందంటే గాలి కదులుతోంది. రెండూ కలిపి చూడమని పాడ్ మీదే తెలుగులో, హిందీలో, ఇంగ్లిషులో రాయండి.

గేజి కొనలేకపోతే సన్నటి పారదర్శక గొట్టంలో రంగు నీళ్లు పోసి, పదికి ఒకటి వాలులో పలక మీద బిగించండి. 15 పాస్కల్స్ అంటే నిట్టనిలువుగా ఒకటిన్నర మిల్లీమీటరు నీళ్లే, కంటికి ఆనదు. వాలు గొట్టంలో అదే 15 మిల్లీమీటర్లు జరుగుతుంది. షెడ్డులో పరీక్షలకి ఇది చాలు. ఓడ ఊగుతుంది కాబట్టి ఓడ మీద మాత్రం పనికిరాదు, అక్కడ ముల్లు గేజే.

ఫిల్టర్లు, బ్లోయర్

హెపా లోపలికి ఒకటి, బయటికి ఒకటి. లోపలికి వచ్చేది మంచి గాలే కదా, అక్కడెందుకని అడుగుతారు. బ్లోయర్ ఆగిన క్షణాన లోపలి గాలి ఏ దారైనా పట్టొచ్చు, రోగి దగ్గితే ఆ దారినే బయటికి వస్తుంది. అందుకు.

బయటికి పోయే వైపు వరస ఇది: ముందు కడగగలిగే ప్రీఫిల్టరు, తర్వాత హెపా, ఆ తర్వాత బ్లోయర్. బ్లోయర్ ఫిల్టరు తర్వాతే ఉండాలి. అప్పుడు గొట్టంలో ఎక్కడైనా చీలిక ఉన్నా గాలి లోపలికే లాగుతుంది. బ్లోయర్ 12 వోల్టుల డీసీ సెంట్రిఫ్యూగల్ రకం, 250 పాస్కల్స్ అడ్డు మీద కూడా పైన చెప్పిన గాలి ఇచ్చేది. కంప్యూటర్లో ఉండే చదును ఫ్యాను ఫిల్టరు ముందు పెడితే తిరుగుతుంది, గాలి మాత్రం తోయదు.

ఫిల్టరు అమర్చడంలో మాకు సాయం అందింది పైడిభీమవరం నుంచి. అక్కడి మందుల కంపెనీల్లో క్లీన్‌రూముల హెపాలు మార్చి, నూనె పొగ వదిలి లీకు పరీక్ష చేసే టెక్నీషియన్లు ఉన్నారు. రణస్థలం, లావేరు కుర్రాళ్లే. మేం సిలికాన్ పూసి గొప్పగా బిగించిన ఫిల్టరు చూసి ఒకతను నవ్వాడు. "అన్నా, పేపరు మంచిదే. గాలి పేపర్లోంచి పోట్లేదు, ఫ్రేమ్ పక్కనుంచి పోతోంది" అన్నాడు. మెత్తటి, అతుకు లేని గ్యాస్కెట్ వేసి నాలుగు మూలలా సమంగా బిగిస్తే గాని లీకు పోలేదు. హెపా 0.3 మైక్రాన్ల రేణువుల్ని 99.97 శాతం ఆపుతుందన్నది కాగితం మాట. అంచు లీకైతే ఆ అంకె మీ గోడకి అంటించుకోవడానికే. జిల్లాలోనే ఇంత పనితనం పెట్టుకుని చెన్నై, ముంబై ఫోన్లు చేయకండి.

చట్రం, షీటు

చట్రానికి 25 మిల్లీమీటర్ల అల్యూమినియం పైపు. అల్యూమినియంలో స్టీలు బోల్టు నేరుగా దిగిస్తే ఉప్పు గాలికి రెండు లోహాల మధ్య తెల్లటి పొడి పుట్టి కొన్నాళ్లకే పట్టేస్తుంది. మధ్యలో నైలాన్ వాషరు వేయండి, బోల్టులు ఎస్ఎస్ 316 (ఉప్పుకి తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీలు) వాడండి. కళింగపట్నం దగ్గర తీరంలో ఇళ్ల కిటికీ చువ్వలు ఎలా తుప్పు పడతాయో చూసినవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

షీటు పారదర్శక పీవీసీ అయితే చవక. టీపీయూ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) అయితే తేలిక, మడతల దగ్గర చిట్లదు. ముఖం దగ్గర కిటికీకి మాత్రం యాక్రిలిక్ పెట్టకండి. స్పిరిటుతో తుడిచే కొద్దీ సన్నటి పగుళ్లు వస్తాయి. అతుకులు కుట్టుతో కాదు, హై ఫ్రీక్వెన్సీ వెల్డింగుతో వేయించాలి. ప్రతి సూది రంధ్రమూ ఒక లీకు. షీటుకి మంట అంటుకునే గుణం పరీక్ష చేయించిన కాగితం అడిగి తీసుకోండి. ఓడలో నిప్పు గురించి ఎవరూ సరదాకి మాట్లాడరు.

చేతులు దూర్చే గ్లవ్ పోర్టులు ఆరు: తల దగ్గర రెండు, ఛాతీకి రెండు పక్కలా ఒక్కోటి, చేతి నరం దొరికే చోట రెండు పక్కలా ఒక్కోటి. సెలైన్ గొట్టం, ఆక్సిజన్ గొట్టం, బీపీ పట్టీ వైరు వెళ్లడానికి రబ్బరు గ్రోమెట్లు. మందు, నీళ్ల సీసా అందించడానికి రెండు జిప్పుల సంచి. ప్రధాన జిప్పు తల నుంచి కాళ్ల దాకా ఏకధాటిగా ఉండాలి, దాని పుల్లర్ బయట ఒకటి, లోపల ఒకటి. లోపలి పుల్లర్ని తీసేయమని ఓ పెద్దాయన సలహా ఇచ్చాడు, రోగి తెరిచేస్తాడని. మనం కట్టేది జైలు కాదు కదా.

కరెంటు, అలారం, సైకిలు బెల్లు

బ్లోయర్ 2 ఆంపియర్లు లాగితే 20 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కాగితం మీద పది గంటలు వస్తుంది. ఎనిమిది అనుకోండి. లిథియంలో ఐరన్ ఫాస్ఫేట్ రకమే తీసుకోండి, మిగతా రకాల కంటే నిప్పు భయం తక్కువ. బ్యాటరీలు రెండు ఉండాలి. ఒకటి తీస్తున్నప్పుడు రెండోది నడిపేలా డయోడుతో కలపండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస, ఉద్దానం ప్రాంతాన్ని కుదిపేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక బ్యాటరీ విలువ మనకి తెలిసొచ్చింది. ఓడలో ఆ పరిస్థితి ఏ రాత్రయినా రావొచ్చు.

అలారం బ్లోయర్ బ్యాటరీ మీద పెట్టకండి. ఇది మేం చేసిన తప్పే: బ్యాటరీ పోతే అలారం కూడా దానితోపాటే పోయింది. ప్రెజర్ స్విచ్చుకి విడిగా 9 వోల్టుల బ్యాటరీ, బజరు, ఎర్ర లైటు రెండు వైపులా. ఇంజిన్ రూము దగ్గరి చప్పుడులో బజరు వినపడదు, లైటు కనపడుతుంది. ప్రెజర్ తగ్గినా మోగాలి, మితిమీరి పెరిగినా మోగాలి. రెండోది ఎందుకో పైన చెప్పాను.

రోగి చేతికి ఏమివ్వాలి? మొదట ఎలక్ట్రిక్ బొత్తం పెట్టాం. చివరికి పాత సైకిలు బెల్లు ఒకటి చట్రానికి బిగించాం. బ్యాటరీ అక్కర్లేదు, వైరు ఊడదు, చీకట్లో తడిమినా దొరుకుతుంది, ఆయాసంతో మాట రానివాడూ బొటనవేలు కదపగలడు.

బ్లోయర్ ఆగితే ఏం చేయాలో పాడ్ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి: ఒక నిమిషంలో బ్యాటరీ మార్చి చూడు. రెండో నిమిషానికీ గాలి రాకపోతే రోగి ముఖానికి మాస్కు సరిచేసి తల వైపు జిప్పు తెరువు. మోసేవాళ్లు ఎలాగూ ఎన్95 పెట్టుకునే ఉంటారు. వాళ్లకి ఆ కాసేపు ఉన్న ముప్పు, లోపలివాడికి ఉన్న ముప్పు ముందు చిన్నది.

ఆక్సిజన్ విషయంలో జాగ్రత్త

మన దగ్గర దొరికే బి టైపు సిలిండర్లో 1,500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 5 లీటర్ల చొప్పున ఐదు గంటలు. బ్లోయర్ తిరుగుతున్నంత సేపు ఆ 5 లీటర్లు నిమిషానికి 600 లీటర్ల గాలిలో కలిసిపోతాయి, ఇబ్బంది లేదు. బ్లోయర్ ఆగితే మాత్రం ఐదారు నిమిషాల్లోనే లోపల ఆక్సిజన్ 23.5 శాతం దాటుతుంది. ఆ స్థాయి దాటితే చిన్న నిప్పురవ్వ కూడా పెద్ద మంటే. కాబట్టి లోపల మోటారు, స్విచ్చు, మొబైల్ ఛార్జరు ఏదీ ఉండకూడదు. రోగి ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు గాలి ఆగితే రెండో నిమిషం దాకా కూడా ఆగక్కర్లేదు, వెంటనే తెరవండి.

క్యాబిన్‌ని గదిగా మార్చడం

3 మీటర్లు, రెండున్నర మీటర్లు, 2.2 ఎత్తు క్యాబిన్‌లో 16.5 ఘనపు మీటర్ల గాలి. గంటకు 12 సార్లు మారాలంటే 200. ఇక్కడ ఆ నియమం సరిగ్గా సరిపోతుంది. 300 ఇవ్వగల హెపా యంత్రం పెట్టుకుంటే ఫిల్టరు మూసుకుపోతున్నా నెట్టుకొస్తుంది.

మొదట పైన ఏసీ గాలి వచ్చే పంకా లూవర్ మూసేయండి. ఓడల ఏసీ ఎక్కువగా క్యాబిన్ల గాలినే వరండాలోంచి లాగి కొంత బయటి గాలి కలిపి మళ్లీ పంపుతుంది. ఆ వెనక్కి వెళ్లే దారి చాలా ఓడల్లో తలుపు కింద ఉన్న జాలీయే. దాన్ని టేపు వేసి మూయాలని అందరికీ అనిపిస్తుంది. మూయొద్దు. చాలాచోట్ల ఆ పలకే తలుపు ఇరుక్కున్నప్పుడు తన్ని బయటపడే దారి. హెపా యంత్రం గొట్టాన్ని పోర్ట్‌హోల్ లోంచి బయటికి తీస్తే గదిలో ప్రెజర్ తగ్గి, ఆ జాలీలోంచి గాలి వరండా నుంచి లోపలికే వస్తుంది. అగరొత్తి వెలిగించి జాలీ ముందు పెట్టి చూడండి, పొగ గదిలోకి వంగాలి. ఏసీ మూసేశాం కాబట్టి గది వేడెక్కుతుంది, చిన్న టేబుల్ ఫ్యాను ఒకటి లోపల పెట్టండి, తలుపు వైపు మాత్రం తిప్పొద్దు.

పోర్ట్‌హోల్ తెరుచుకోనిదైతే గొట్టాన్ని బాత్రూములోని ఎగ్జాస్ట్ జాలీ దాకా పట్టండి. ఆ ఎగ్జాస్ట్ మరో క్యాబిన్‌తో కలిసి ఉంటుంది కాబట్టి హెపా దాటిన గాలే అందులోకి పోవాలి. ఫైర్ డోరుని గొట్టం కోసం తెరిచి ఉంచడం మాత్రం ఏ పరిస్థితిలోనూ కుదరదు.

పరీక్షలు

ప్రతి అతుకు, జిప్పు, గ్రోమెట్ చుట్టూ అగరొత్తి తిప్పండి. పొగ ఎక్కడ లోపలికి లాగితే అక్కడ లీకు. వేడి పరీక్షకి లోపల 60 వాట్ల పాతకాలం ఫిలమెంటు బల్బు, తడి తువ్వాలు, ఒక థర్మామీటరు పెట్టి మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టండి. ఉదయం ఏడింటికి చేసిన పరీక్ష పరీక్ష కాదు. ఊగుడు పరీక్షకి బల్ల మీద 70 కిలోల ఇసక బస్తాలు బెల్టులతో కట్టి, రెండు పక్కలకీ 22.5 డిగ్రీలు వంచండి. ఓడ యంత్రాలు ఊగుడులో పనిచేయాల్సిన కోణం అదే. బస్తా జారిందా, గేజి పడిపోయిందా చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైనది తెరిచే పరీక్ష. పాడ్ ఎప్పుడూ చూడని మనిషిని పిలిచి, చేతులకి గ్లవ్స్ వేసి, లైట్లు ఆర్పి, "తెరువు" అనండి. 15 సెకన్లు దాటితే డిజైన్ తప్పు, మనిషి తప్పు కాదు. మా ఇంటావిడకి మొదటిసారి 40 పట్టింది. జిప్పు పుల్లర్‌కి ఎర్ర నాడా కట్టాక పదకొండు. ఓడ వదిలిపోవాల్సి వస్తే రోగికి లైఫ్‌జాకెట్ వేసి బోటులో కూర్చోబెట్టాలి, పాడ్ అక్కడే వదిలేయాలి. అది కూడా డ్రిల్లులో చేయించండి.

శుభ్రం, కాగితాలు

వాడాక షీటుని 0.1 శాతం బ్లీచుతో, రక్తం, కఫం పడ్డచోట 0.5 శాతంతో తుడిచి పది నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో కడగాలి. 5 శాతం బ్లీచు సీసా అయితే ఒక వంతుకి 49 వంతుల నీళ్లు, గట్టిదానికి 9 వంతులు. బ్లీచు, స్పిరిటు కలపకండి. వాడిన ఫిల్టర్ని దులపకుండా సంచిలోకి లాగి, మూతి కట్టి, మరో సంచిలో వేయాలి.

అమ్మాలనుకుంటే ఇది వైద్య పరికరం కిందికి వస్తుంది. 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ ప్రకారం ప్రమాద స్థాయిని బట్టి ఎ నుంచి డి దాకా తరగతులు: ఎ, బిలకి 2022 అక్టోబరు 1 నుంచి, సి, డిలకి 2023 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరి (ఎ తరగతిలో స్టెరైల్ కాని, కొలతలు చూపని పరికరాలకి మాత్రం రిజిస్ట్రేషన్ చాలు). మొదటి రెంటికీ రాష్ట్ర అధికారులు, తర్వాతి రెంటికీ కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ. నాణ్యతకి ఐఎస్ఓ 13485, ప్రమాదాల లెక్కకి ఐఎస్ఓ 14971. విశాఖలోని ఆంధ్ర మెడ్‌టెక్ జోన్ ఉన్నది ఇలాంటి పరికరాల తయారీ, పరీక్షల కోసమే. కాగితాల పని బోరే, కానీ ఐఎస్ఓ 14971 ప్రమాదాల పట్టిక నింపుతుంటే మేం వదిలేసిన తప్పులు నాలుగు బయటపడ్డాయి. కాబట్టి దాన్ని చివర్లో కాకుండా వెదురు చట్రం రోజే మొదలుపెట్టండి.

ఓడకి వెళ్లే సంచిలో పాడ్‌తోపాటు స్పేర్ బ్లోయర్ ఒకటి, గ్లవ్స్ రెండు జతలు, గ్యాస్కెట్, జిప్పు మైనం, రిబ్బను ముక్కలు, లాగ్‌బుక్ పెడతాం. మూడు నెలలకోసారి బ్యాటరీ ఛార్జి చేసి బ్లోయర్ పది నిమిషాలు తిప్పి సంతకం పెట్టాలి. ఆ లాగ్‌బుక్ మొదటి పేజీలో మా సంతకాలు ముందే ఉంటాయి. ఏ పాడ్ అయినా షెడ్డు దాటకముందు ఎండవేళ నేను అందులో అరగంట పడుకుంటాను. పదో నిమిషంలో మా మేనల్లుడు చెప్పకుండా బ్యాటరీ వైరు పీకేస్తాడు. చేతిలో ఫోను మాత్రం ఎవరికీ ఉండకూడదు.